ప్రాజెక్టుతో పాటు వెర్షన్ల చీటీ కూడా అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం పిల్లల కోసం ఈ మధ్య మీ విద్యా పేజీలో ప్రాజెక్టు సలహాలు వేశారు. చాలా వరకు పనికొచ్చేవే. ఒక్క వాక్యం మాత్రం నాకు మింగుడు పడలేదు. ‘మొదలుపెట్టే ముందే పైథాన్‌ను, లైబ్రరీలన్నిటినీ లేటెస్ట్ వెర్షన్‌కు అప్‌డేట్ చేసుకోండి’ అని రాశారు. (పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష, లైబ్రరీలంటే అందులో వాడుకోవడానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు.) ఆ సలహా పాటించిన పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా షాపుకే వస్తున్నారు కాబట్టి, నా అభ్యంతరం ఏమిటో చెప్పడం అవసరం అనిపించింది.

గుంటూరు బ్రాడీపేటలో మావారూ నేనూ కంప్యూటర్ సర్వీస్ షాపు నడుపుతున్నాం. హార్డ్‌వేర్ ఆయనది, సాఫ్ట్‌వేర్ నాది. అంతకు ముందు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను, కాబట్టి బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉంది. ఏడాదంతా వచ్చే గిరాకీ వేరు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే గిరాకీ వేరు. ఆ మూడు నెలలూ తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, మంగళగిరి వైపు నుంచి పిల్లలు బ్యాచ్‌లుగా దిగుతారు. అందరిదీ ఒకటే మాట: ‘మేడమ్, ఫార్మాట్ కొట్టేయండి.’

ఎందుకురా అంటే, ‘ప్రాజెక్ట్ రన్ అవట్లేదు, ఏవేవో ఇన్‌స్టాల్ చేశాం, ఏది ఏదో తెలియట్లేదు, మొత్తం తీసేసి కొత్తగా వేస్తే క్లీన్‌గా ఉంటుంది’ అంటారు. ఫార్మాట్‌కు మేం ఐదారు వందలు తీసుకుంటాం. మాకు లాభమే. కానీ జబ్బు అక్కడ లేదు. ఫార్మాట్ కొట్టించుకుని వెళ్లిన పిల్లవాడు ఇంటికెళ్లి మళ్లీ అన్నీ లేటెస్టే వేస్తాడు, మళ్లీ అదే ఎర్రర్ చూస్తాడు. మధ్యలో పోయేది వాళ్ల నాన్న దాచుకున్న భూమి కాగితాల స్కాన్‌లు, అక్క పెళ్లి ఫోటోలు.

అసలు సమస్య చిన్నది. ఒకే కంప్యూటర్‌లో ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఉండవచ్చనీ, ఉంచే పద్ధతి ఉందనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల చదువులో ఒక్క గంట కూడా దీనికి కేటాయించలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మిరప ఆకు ఫోటో ఇస్తే తెగులు పేరు చెప్పే ప్రాజెక్టు. మా జిల్లాలో ఇది చేయని కాలేజీ తక్కువే. ఆకు ముడతో, బూడిద తెగులో, ఏదో ఒకటి పట్టుకోవాలి. మంచి ఆలోచన, నేను తప్పు పట్టను. ఈ బ్యాచ్ చేతిలో ఉన్న కోడ్ సీనియర్ల నుంచి వచ్చింది. అందులో ప్లేస్‌హోల్డర్, సెషన్ అనే మాటలు కనిపించగానే ఫోటోలు గుర్తుపట్టడం లాంటివి కంప్యూటర్‌కు నేర్పే టెన్సర్‌ఫ్లో అనే లైబ్రరీ 1వ వెర్షన్ కాలం నాటి రాత అని అర్థమైంది. టెన్సర్‌ఫ్లో 2.0 వచ్చింది 2019 సెప్టెంబరు ఆఖరున. అప్పటితో రాసే పద్ధతే మారిపోయింది. పిల్లల ల్యాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3.12. దాంట్లో టెన్సర్‌ఫ్లో 1.15 వేయమంటే పిప్ (లైబ్రరీలను నెట్ నుంచి దింపి వేసే సాధనం) ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అని ఎర్ర అక్షరాల్లో కొట్టింది. ఆ 1.15కి పైథాన్ 3.7 దాకానే తయారు ప్యాకేజీలు ఉన్నాయి, 3.12కి ఎవరూ తయారు చేయలేదు, ఇక చేయరు కూడా. సరే అని వాళ్లు లేటెస్ట్ టెన్సర్‌ఫ్లో వేశారు. అది చక్కగా ఎక్కింది. ప్రోగ్రామ్ రన్ చేస్తే ‘టెన్సర్‌ఫ్లోలో ప్లేస్‌హోల్డర్ అనేదే లేదు’ అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని నంపై అనే లెక్కల లైబ్రరీని పాతదానికి దించారు, ఇంకెవరో చెప్పారని కెరాస్ అనే ఇంకో లైబ్రరీని మార్చారు. ఈ ల్యాప్‌టాప్ బ్యాచ్‌లోని ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ పని కూడా ఇందులోనే చేసుకుంటోంది. దానికి కొత్త పాండాస్ (పట్టికల లైబ్రరీ), కొత్త టెన్సర్‌ఫ్లో కావాలి. బ్యాచ్ ప్రాజెక్టు బాగుపడలేదు సరికదా, నిన్నటి దాకా నడిచిన ఇంటర్న్‌షిప్ కోడ్ కూడా మూలపడింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు, మిగతా ముగ్గురూ నేల చూపులు. రివ్యూ దగ్గర పడుతోందని ఇంట్లో కూడా టెన్షన్.

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. పైథాన్ అధికారిక సైటు నుంచి 3.7.9 దింపాను. 3.7 వరుసలో విండోస్‌కు ఇన్‌స్టాలర్ ఇచ్చిన చివరి వెర్షన్ అది. ఉన్న 3.12ని ముట్టుకోలేదు, 3.7 దాని ఫోల్డర్‌లో అది కూర్చుంది, 3.12 దాని ఫోల్డర్‌లో అది ఉంది. తర్వాత మిరప ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే 3.7తో ఒక విడి ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకు మాత్రమే ఉండే ఫోల్డరు) తయారు చేసి, దాంట్లో టెన్సర్‌ఫ్లో 1.15 వేశాను. ఇంకో ఎర్రర్ వచ్చింది, ప్రోటోబఫ్ అనే తోడు లైబ్రరీ గురించి. 1.15తో పాటు పిప్ తనంతట తానే కొత్త ప్రోటోబఫ్‌ను లాక్కొచ్చింది. దాన్ని 3.20కి దించితే ఆ గొడవ పోయింది. ఆపైన సీనియర్లు ట్రెయినింగ్ ఇచ్చి దాచిపెట్టిన మోడల్ ఫైలు తెరవబోతే, స్ట్రింగ్‌కు ‘డీకోడ్’ లేదని ఇంకో ఎర్రర్. ఇది హెచ్5పై అనే లైబ్రరీ 3 వచ్చాక మొదలైన పేచీ, 2.10 వేస్తే సర్దుకుంటుంది. వేశాను, సర్దుకుంది. మిరప ఆకు ఫోటో ఇస్తే ఆకు ముడత అని చెప్పింది. ఇంటర్న్‌షిప్ కోడ్‌కు 3.12తో వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టాం. రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి రెండూ ఒకేసారి నడిపి చూపించాను. ‘ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు టెన్సర్‌ఫ్లోలా మేడమ్?’ అని నలుగురూ నోరు తెరిచారు. కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం పిల్లలండీ వాళ్లు!

ఇది ఎందుకు జరుగుతుందో మీ పాఠకులకు చెప్పాలి. పైథాన్‌లో ‘ఇంపోర్ట్ నంపై’ అని రాస్తాం. ఏ నంపై, ఏ ఏడాది నంపై అన్నది ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. పైథాన్ లైబ్రరీలు ఉండే తన సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ పేరున్న ఫోల్డర్ కోసం వెతుకుతుంది, దొరికినదాన్ని తీసుకుంటుంది. ఒక ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండవు కదా, అందుకని ఒక సైట్-ప్యాకేజెస్‌లో ఒక నంపైకే చోటు. ఇంకో వెర్షన్ వేయమంటే పిప్ ముందు ఉన్నదాన్ని తీసేస్తుంది, తర్వాత అడిగినదాన్ని పెడుతుంది. ‘సక్సెస్‌ఫుల్లీ అన్‌ఇన్‌స్టాల్డ్’ అని ఒక లైను కూడా చూపిస్తుంది. ఆ లైను చదివే పిల్లవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. అందరి చూపూ చివర్న వచ్చే ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ మీదే.

విడి ఎన్విరాన్‌మెంట్ అంటే ఇంకో సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్, అంతే. పేరు వింటే పెద్దగా అనిపిస్తుంది కానీ లోపల చూస్తే ఒక ఫోల్డరు, అందులో అసలు పైథాన్ ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు, తనవైన లైబ్రరీలు. దాన్ని యాక్టివేట్ చేయడమంటే, ‘పైథాన్’ అని కొట్టినప్పుడు ముందుగా ఈ ఫోల్డర్‌లో వెతకమని ఆ కిటికీకి చెప్పడం. దీనికోసం కొనాల్సింది ఏమీ లేదు. వీఎన్వ్ (venv) అనే ఈ సదుపాయం 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి పైథాన్‌తోనే వస్తోంది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పటికి ప్రాథమిక పాఠశాలలో ఉండి ఉంటారు.

లైబ్రరీలు రాసేవాళ్లను తిట్టే పిల్లలు కూడా ఉన్నారు. ‘ఉన్నది ఉంచకుండా ఎందుకు మారుస్తారు’ అని. అది అన్యాయం. నంపైలో ‘ఎన్‌పీ డాట్ ఫ్లోట్’ అనే పాత పేరు తీసేస్తామని 2021 జనవరిలో వచ్చిన 1.20 నుంచే హెచ్చరిక ఇస్తూ వచ్చారు. నిజంగా తీసేసింది 2022 డిసెంబరులో, 1.24లో. పాండాస్ వాళ్లు డేటాఫ్రేమ్ అనే పట్టికకు వరుసలు చేర్చే అపెండ్‌ను 2023 ఏప్రిల్‌లో 2.0తో తొలగించారు, దానికీ ముందే హెచ్చరిక ఉంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు మాత్రం గట్టి దెబ్బే తగిలింది. నంపై 1తో కలిపి కంపైల్ చేసిన పాత లైబ్రరీలు చాలా వరకు దానితో పొసగలేదు. వెర్షన్ చెప్పకుండా ‘పిప్ ఇన్‌స్టాల్’ కొట్టినవాళ్లకు 2.0 దానంతట అదే వచ్చి పడింది. వెర్షన్ రాసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. తేడా అంతా ఆ ఒక్క అంకెలోనే ఉంది. మొదటి అంకె మారితే పాత కోడ్ చెడవచ్చని చాలా లైబ్రరీలు పాటించే ఒప్పందం; రెండో అంకె మారినప్పుడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని నంపై 1.24 నేర్పింది.

ఈ మాట పిల్లలకు అర్థం కావడానికి నేను చెప్పే పోలిక వాళ్ల కాలేజీదే. జేఎన్‌టీయూ కాకినాడ కింద చదివినవాళ్లకు ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు; మిగతావాళ్లకు చెప్పాలంటే, అవి ఏ ఏడాది రెగ్యులేషన్, అంటే ఏ సిలబస్, ఏ పరీక్ష నియమాలో చెప్పే పేర్లు. కొత్త రెగ్యులేషన్ వచ్చింది కదా అని ఆర్20లో సప్లీ (తప్పి మళ్లీ రాయాల్సిన పరీక్ష) ఉన్న పిల్లవాడి చేత ఆర్23 పేపరు రాయించరు. సబ్జెక్టు పేరు ఒకటే అయినా సిలబస్ వేరు, ప్రశ్నపత్రం వేరు. పేపరు పైన మూలకు ఆర్20 అని కొట్టొచ్చినట్టు అచ్చు వేస్తారు, తప్పు పేపరు పంచితే హాలంతా గోల. ఒకే క్యాంపస్‌లో, ఒకే పరీక్షల విభాగం చేతుల మీదుగా రెండు మూడు రెగ్యులేషన్లు పక్కపక్కన నడుస్తూనే ఉంటాయి. ఇంత కచ్చితంగా రెగ్యులేషన్లు పాటించే కాలేజీలు, ప్రాజెక్టు కోడ్ దగ్గరకు వచ్చేసరికి ఏ వెర్షన్ అని ఒక్క ముక్క అడగవు.

ప్రాజెక్టు రికార్డు తెరిచి చూడండి, నా మాట నమ్మకపోతే. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు, సర్టిఫికెట్, డిక్లరేషన్, అక్నాలెడ్జ్‌మెంట్ అన్నీ పద్ధతిగా ఉంటాయి. ‘హార్డ్‌వేర్ రిక్వైర్‌మెంట్స్’ పేజీలో ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత, కీబోర్డు, మౌస్ అని కూడా రాస్తారు. మౌస్ అవసరమని రాయడం మర్చిపోరు! పక్కన ‘సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్’ దగ్గర: విండోస్, పైథాన్. అయిపోయింది. పైథాన్ 2 నడుస్తుండగానే 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చింది. 2020 జనవరి 1న పైథాన్ 2కి సపోర్ట్ ఆగేదాకా పదకొండేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. ‘పైథాన్’ అని మాత్రమే రాస్తే అందులో ఏదని అనుకోవాలి?

వెర్షన్లు పక్కపక్కన ఉంచడం కొత్త విషయం కూడా కాదు. మా షాపుకు వచ్చే కంప్యూటర్లలో కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని ఒక వరుస కనిపిస్తుంది. వేరే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన లైబ్రరీల కట్టలు అవి. 2005, 2008, 2010, 2012, 2013, మళ్లీ ఒక్కోదానిలో 32 బిట్‌ది ఒకటి, 64 బిట్‌ది ఒకటి. ఇంట్లో ఉత్సాహవంతుడైన కుర్రాడు ఉంటే ‘ఒకటే పదిసార్లు ఎక్కింది, చెత్త’ అని కొత్తది ఉంచి మిగతావన్నీ తీసేస్తాడు. మర్నాడు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, వాళ్ల నాన్న మా షాపులో ఉంటాడు. అవి ఒకదాని పక్కన ఒకటి ఉండాలనే అలా పెట్టారు. 2010తో తయారైన ప్రోగ్రామ్‌కు 2010దే కావాలి. 2015 నుంచి 2022 దాకా మాత్రం ఒకదానితో ఒకటి కలిసేలా చేశారు కాబట్టి వాటికి ఒకటే సరిపోతుంది. విండోస్ 98 రోజుల్లో ఈ ఏర్పాటు లేదు. ప్రతి ప్రోగ్రామూ తన డీఎల్ఎల్ అనే లైబ్రరీ ఫైళ్లు తెచ్చి ఒకే సిస్టమ్ ఫోల్డర్‌లో పడేసేది, కొత్త ప్రోగ్రామ్ వేస్తే పాతది చచ్చేది. ఆ బాధ పడ్డాకే 2001 నాటి ఎక్స్‌పీలో వేర్వేరు వెర్షన్లు పక్కపక్కన ఉంచే పద్ధతి తెచ్చారు. లైనక్స్‌లో అయితే లైబ్రరీ ఫైలు పేరు చివర్లోనే వెర్షన్ అంకె ఉంటుంది, కాబట్టి 1, 2 రెండూ ఒకే ఫోల్డర్‌లో గొడవ లేకుండా ఉంటాయి.

విజయవాడ, గుంటూరు డీటీపీ షాపుల వాళ్లకు ఇది ఎవరూ నేర్పలేదు, అయినా వాళ్ల దారి వాళ్లు చూసుకున్నారు. పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అను అనే తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత పెళ్లి కార్డులు, పుస్తకాలు వాళ్ల దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆపేసినా, షాపులో ఒక మూల ఎక్స్‌పీ మెషిన్ అలాగే ఉంచుకుంటారు, నెట్ కనెక్షన్ ఇవ్వకుండా. కొత్త పని కొత్త మెషిన్ మీద, పాత ఫైలు వస్తే పాత మెషిన్ మీద. ఒక వెర్షన్‌కు ఒక కంప్యూటరే కేటాయించారు. పిల్లలకు అంత ఖర్చు అక్కర్లేదు, ఒక ఫోల్డర్ చాలు.

ఇక చేయడం ఎలాగో నాలుగు మాటలు రాస్తాను, మీ విద్యా పేజీకి ఉపయోగపడవచ్చు. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్‌తో పాటు ‘పై’ (py) అనే లాంచర్ వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పై’ అని కొట్టి, ఒక గీత పెట్టి 3.7 అంటే 3.7 తెరుచుకుంటుంది, 3.12 అంటే 3.12. గీత పక్కన సున్నా పెడితే మెషిన్‌లో ఏ పైథాన్లు ఉన్నాయో జాబితా చూపిస్తుంది. ఇది తెలియక పిల్లలు ప్రతి ఇన్‌స్టాల్‌లోనూ ‘యాడ్ పైథాన్ టు పాత్’ టిక్కు పెట్టేస్తారు. పాత్ అంటే కమాండ్ కొట్టినప్పుడు విండోస్ వెతికే ఫోల్డర్ల వరుస; అందులో ఏది ముందుంటే అది పలుకుతుంది. పైథాన్ ఒకటి, పిప్ ఇంకో పైథాన్‌ది అయిపోయి, ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ ‘లేదు’ అని వస్తుంది. అందుకే పిప్‌ను ఒంటరిగా పిలవకుండా, ఏ పైథాన్‌కు కావాలో ఆ పైథాన్ ద్వారానే పిలవాలి.

అన్నీ కుదిరి ప్రోగ్రామ్ నడిచిన రోజున ‘పిప్ ఫ్రీజ్’ కొట్టి, వచ్చిన జాబితాను రిక్వైర్‌మెంట్స్ అనే టెక్స్ట్ ఫైలులో దాచుకోవాలి. నేను వెర్షన్ల చీటీ అంటున్నది దీన్నే. నడవకముందు దాచినా ఉపయోగం లేదు, రివ్యూ ముందు రాత్రి అప్‌డేట్ కొట్టాక దాచినా ఉపయోగం లేదు. ఆ ఫైలులో పైథాన్ వెర్షన్ ఉండదు కాబట్టి అది విడిగా రాసుకోవాలి. మిరప ప్రాజెక్టులో చిక్కుముడి మొదలైంది అక్కడే.

ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లో కాపీ చేసుకుని కాలేజీ ల్యాబ్‌కు మోసుకెళ్లే పిల్లలను చూశాను. అది అక్కడ పలకదు. లోపల ఇంటి ల్యాప్‌టాప్‌లోని దారులే రాసి ఉంటాయి. మోసుకెళ్లాల్సింది చీటీ; ల్యాబ్ మెషిన్‌లో ఆ చీటీ చూపించి కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టుకోవాలి. ల్యాబ్‌లో నెట్ ఉండదంటారా, ‘పిప్ డౌన్‌లోడ్’తో ఆ ప్యాకేజీలన్నిటినీ ముందే ఒక ఫోల్డర్‌లో దింపుకుని, అక్కడ నెట్ లేకుండా ఆ ఫోల్డర్ నుంచే వేయించవచ్చు. రెండు చోట్లా విండోస్, పైథాన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి, అంతే. చాలా ల్యాబుల్లో రీస్టార్ట్ చేస్తే మెషిన్ పాత స్థితికి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ పెడతారు. సీ డ్రైవ్‌లో కట్టుకున్నది పొద్దునకు మాయం. అలా పాత స్థితికి వెళ్లని డ్రైవ్ ఏదో ల్యాబ్ వాళ్లను అడిగి అందులో పెట్టుకోవాలి. ఎన్విరాన్‌మెంట్ కట్టడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఈ సంగతి ల్యాబ్‌లో ఉన్న నా పాత సహోద్యోగులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ‘అడ్మిన్ ఇవ్వడం కుదరదు’ అని పిల్లలను వెనక్కి పంపడం ల్యాబుల్లో మామూలు.

మా షాపులోనే దీని మీద వాదన ఉంది. ‘కొన్న ప్రాజెక్టులు తెచ్చుకునేవాళ్లకు ఈ శాస్తి జరగాల్సిందే, నీకెందుకు’ అంటారు మావారు. అమీర్‌పేట నుంచో, ఇక్కడి నుంచో ప్రాజెక్టులు కొనుక్కొచ్చేవాళ్లు ఉన్న మాట నిజమే. కానీ ఎర్రర్‌కు ఎవరు కొన్నారు, ఎవరు రాశారు అన్న తేడా తెలియదు. సొంతంగా కష్టపడి రాసిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో నడిచిన కోడ్ రెండో సెమిస్టర్‌లో నడవక ఏడవడం చూశాక నేను ఆ మాట ఒప్పుకోను.

అన్నీ అప్‌డేట్ చేసుకోమనడం భద్రత కోసమే కదా అని మీరు అడగవచ్చు. బ్రౌజర్‌కు, విండోస్‌కు, యాంటీవైరస్‌కు ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది. పైథాన్ 3.7కి కూడా 2023 జూన్‌లో సపోర్ట్ ఆగిపోయింది, కొత్త లోపాలు బయటపడినా ఎవరూ సరిచేయరు. కాబట్టి నెట్‌లో నలుగురికీ తెరిచి పెట్టే వెబ్‌సైట్‌ను అలాంటి పాతదాని మీద నడపకూడదు. అక్కడ ఓపిక చేసుకుని కోడ్ తిరగరాయాల్సిందే. సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత ఫోటోలతో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చూపించే ప్రాజెక్టుకు పాతది విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంటే కొంపలు మునగవు. హార్డ్ డిస్క్‌లో చోటు పడుతుంది, అది నిజం. టెన్సర్‌ఫ్లో ఉన్న ఎన్విరాన్‌మెంట్ జీబీ దాకా, ఒక్కోసారి అంతకు పైన తింటుంది. పని అయ్యాక ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే చాలు, అన్‌ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, చీటీ ఉంటే మళ్లీ ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

కాబట్టి కాలేజీలకు, యూనివర్సిటీకి మీ పత్రిక ద్వారా చేరాలని నేను కోరుకునేది ఇది. ప్రాజెక్టు సమర్పించేటప్పుడు పైథాన్ వెర్షన్‌తో సహా ఈ చీటీ ఉండాలని అడగండి, రికార్డులో మౌస్ రాసే చోటే అదీ అచ్చు వేయించండి. మొదటి రివ్యూలో గైడ్ ఇంకో మెషిన్ మీద ఆ చీటీతో ప్రాజెక్టు నడిపించి చూస్తే, కాపీ కొట్టిన ప్రాజెక్టులు కూడా అక్కడే సగం బయటపడతాయి. తనది కాని కోడ్‌కు వెర్షన్లు కుదర్చడం అంత తేలిక కాదు. పైథాన్ ల్యాబ్ మొదటి వారంలో ‘హలో వరల్డ్’ ప్రింట్ చేయించే ముందు ఒక ఎన్విరాన్‌మెంట్ కట్టించండి. సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు, ల్యాబ్ టీచర్ తలుచుకుంటే ఆ ఒక్క పూటలో అయిపోయే పని.

మీకూ ఒక మనవి. ఇకపై విద్యా పేజీలో కోడ్ వేస్తే దాని కింద ఏ పైథాన్, ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ మీద నడిపి చూశారో ఒక లైను వేయండి. ఉత్తరం పొడుగైందని తెలుసు. చోటు చాలకపోతే డీటీపీ షాపుల పేరా తీసేయండి, వాళ్లు ఏమీ అనుకోరు. సైట్-ప్యాకేజెస్ పేరా మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక సర్వీస్ షాపు నిర్వాహకురాలు,
బ్రాడీపేట, గుంటూరు